మూడో తరగతి పిల్లాడి వేలు ఎక్కడుంది? ప్రైమరీ బడులను పోల్చే లెక్క

ఏప్రిల్ చివర్లో టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటికల్లా బెజవాడ బెంజి సర్కిల్ నుంచి గుంటూరు లాడ్జి సెంటర్ దాకా ఫ్లెక్సీలు లేచిపోతాయి. 600కి 590, 591, 593, పక్కన పాస్‌పోర్టు ఫొటోలు, పైన కరస్పాండెంట్ గారి నవ్వు. జూన్‌లో ఒకటో తరగతిలో వేయాల్సిన పిల్లని బండి ముందు నిలబెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగిన తండ్రి ఆ ఫ్లెక్సీ చూసే బడి సంగతి తేల్చేసుకుంటాడు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లలో అదే బడిలో ఒకటో తరగతి చదివినవాళ్లు ఎంతమంది, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఫీజు రాయితీ ఇచ్చి తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది అనేది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. పదో తరగతి ఫలితం చూసి ఒకటో తరగతి బాగా చెబుతారనుకోవడం, పెళ్లి భోజనం బాగుందని ఆ ఇంట్లో రోజూ వంట బాగుంటుందనుకోవడం లాంటిది.

సర్కారు బడుల సంగతికొస్తే పోలిక ఇంకో రకంగా జరుగుతుంది. ఫలానా మున్సిపల్ స్కూల్‌కి రంగులేశారు, బెంచీలొచ్చాయి, స్మార్ట్ టీవీ పెట్టారు కాబట్టి అది మంచిది. ఫలానా దాంట్లో పిల్లలు తగ్గిపోతున్నారు కాబట్టి అది చెడ్డది. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల్లో చాలా బడుల మొహం మారింది, అది కాదనలేం, ఆడపిల్లలకి నీళ్లొచ్చే బాత్రూం ఉండడం చిన్న విషయం కాదు. కానీ గోడ చూసి చదువు చెప్పలేం కదా.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలందరూ కలిసి రాసి, బయటివాళ్లు దిద్దే పరీక్ష లేదు. (ఉండాలని చెప్పడం లేదు. ఏడేళ్ల పిల్లలకి పబ్లిక్ పరీక్ష పెడితే ముందు మార్కెట్లోకి వచ్చేది గైడ్లు.) ఉన్నవల్లా ఎఫ్ఏలు, ఎస్ఏలు, అంటే బడిలోనే పెట్టే చిన్న పరీక్షలు, టర్మ్ పరీక్షలు. పేపరు అన్ని బడులకూ ఒకటే వచ్చినా, చదువు చెప్పిన టీచరే పరీక్ష పెడతారు, ఆవిడే దిద్దుతారు, ఆవిడే మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. ఒకావిడ చేతికి ఎముక ఉండదు, సగం జవాబుకీ నాలుగు మార్కులు పడతాయి. ఇంకొకావిడ దీర్ఘం తప్పినా అర మార్కు కోస్తారు. కృష్ణలంక బడి సగటు 78, సింగ్‌నగర్ బడి సగటు 61 అని ఎవరైనా కాగితం చూపిస్తే, ఆ 17 మార్కుల తేడాలో పిల్లల చదువు ఎంత, ఎర్ర పెన్ను ఎంత అని విడదీసే దారి ఆ కాగితంలో లేదు. పైగా మార్కులు తక్కువ వేస్తే పై నుంచి సంజాయిషీ అడుగుతారు, ఎక్కువ వేస్తే ఎవరూ అడగరు. అలాంటి చోట అంకెలు ఎటు జారతాయో చెప్పాలా?

సరే, బయటివాళ్లు చేసే సర్వేలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కేంద్రం 2017లో, 2021 నవంబరు 12న నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే చేసింది, దాని తర్వాతి రూపంగా 2024 డిసెంబరు 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ జరిగింది, 3, 6, 9 తరగతులకి. ఇవి కొన్ని బడులను శాంపిల్ తీసి జిల్లా ఎలా ఉందో చెప్పే సర్వేలు; మీ వీధి బడి గురించి వాటిలో ఒక్క వాక్యం ఉండదు. మనకైతే ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కృష్ణా నుంచి విడిపోయి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, పాత గుంటూరులోంచి పల్నాడు, బాపట్ల వెళ్లిపోయాయి. 2021 సర్వేలో 'గుంటూరు' అంటే మాచర్ల, రేపల్లె కలిసిన గుంటూరు. 2024లో 'గుంటూరు' అంటే అది కాదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి జిల్లా ఎదిగింది, పడిపోయింది అని రాసేవాళ్లు పేరు చూశారు తప్ప మ్యాపు చూడలేదు.

ఇక ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తెచ్చే అసర్ రిపోర్టు. ఇంటింటికీ వెళ్లి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ, ఆ తర్వాత తీసివేత, భాగహారం చేయించి చూస్తారు కాబట్టి నమ్మదగ్గదే. కాకపోతే అది పల్లెల సర్వే. బెజవాడ వాంబే కాలనీ పిల్లలు గానీ గుంటూరు సంగడిగుంట పిల్లలు గానీ అందులో లేరు. నగరంలో పేద పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో చెప్పే వివరం మనకి పల్లె పిల్లల వివరం కంటే తక్కువ దొరుకుతుంది, విచిత్రమే గానీ నిజం.

పోనీ ఒకే బడిని పోయినేడాదితో పోలుద్దామా? అక్కడా కాళ్ల కింద నేల కదులుతోంది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద కిలోమీటరు లోపు హైస్కూల్ ఉంటే ప్రైమరీ బడిలోని 3, 4, 5 తరగతులను అక్కడికి పంపించారు. ఐదు తరగతుల బడి రెండు తరగతుల బడి అయిపోయింది, బోర్డు మీద పేరు మాత్రం అదే. 2025లో ఆ జీవో రద్దయి తొమ్మిది రకాల బడుల పద్ధతి వచ్చింది, తరగతికొక టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. అంటే ఒక బడి 2021లో ఒకటి నుంచి ఐదు దాకా ఉండి, 2023లో ఒకటీ రెండే మిగిలి, 2025లో మళ్లీ ఐదు తరగతులతో ఉండి ఉండొచ్చు. ఈ మూడేళ్ల 'విద్యార్థుల సంఖ్య' గ్రాఫ్ గీసి బడి కుప్పకూలింది, మళ్లీ లేచింది అంటే, పడింది లేచింది బడి కాదు, జీవో.

మోడల్ ప్రైమరీ అయినదాన్ని, కానిదాన్ని పోల్చేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకరి నెత్తినే. ఆ రోజు జరిగేది చదువా, కాపలానా అంటే నిజాయితీగా చెప్పే టీచర్లు కాపలా అనే చెబుతారు. ఒకటో తరగతి వాళ్లకి పలక మీద 'అ' దిద్దమని చెప్పి, మూడో వాళ్లకి లెక్క ఇచ్చి, ఐదో తరగతిలో చురుగ్గా ఉన్న పిల్లని రెండో తరగతి వాళ్ల ముందు నిలబెట్టి పాఠం చదివించి, ఈలోగా మధ్యాహ్న భోజనం ఫొటో అప్‌లోడ్ కాలేదని ఫోను. పక్కనే తరగతికొక టీచరున్న బడిలో 70 శాతం మంది చదవగలిగి, ఇక్కడ 55 శాతం మంది చదవగలిగితే, ఏ టీచరు ఎక్కువ కష్టపడుతున్నట్టు?

చిన్న బడులతో మరో గొడవ ఉంది, ఇది పూర్తిగా అంకెల గొడవ. మూడో తరగతిలో 12 మంది ఉన్నారనుకుందాం. తొమ్మిది మంది పేరా చదివారు, 75 శాతం. అదే రోజు చదవలేని ముగ్గురిలో ఇద్దరికి జ్వరమొచ్చి రాలేదనుకోండి, పదిమందిలో తొమ్మిది మంది, 90 శాతం. బడి మారలేదు, టీచరు మారలేదు, రెండు జ్వరాలకి 15 శాతం పెరిగింది. 12 మంది ఉన్న చోట ఒక్కో పిల్లాడు ఎనిమిది శాతం పైమాటే. అందుకే ఏ మండలం లిస్టు తీసినా పైన పది స్థానాల్లోనూ కింద పది స్థానాల్లోనూ చిన్న బడులే ఎక్కువ కనిపిస్తాయి, వచ్చే ఏడాదికి అవే అటూఇటూ మారిపోతాయి. పెద్ద మున్సిపల్ బడులు మధ్యలో ఎక్కడో ఉండిపోతాయి. ఇది తెలియక మొదటి ర్యాంకు వచ్చిన బడి హెచ్ఎంకి శాలువా కప్పి, చివరి ర్యాంకు బడి హెచ్ఎంకి మెమో ఇస్తే, మరుసటి ఏడాది ఆ రెండూ మధ్యకి జరిగిపోతాయి. శాలువా చెడగొట్టిందనీ మెమో బాగుచేసిందనీ మీటింగుల్లో చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

సగటుతో వచ్చే తంటా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల బడుల్లో బాగా అర్థమవుతుంది. కాయ వచ్చే రోజుల్లో, ముఖ్యంగా సంక్రాంతి దాటాక, పని కోసం కుటుంబాలు తరలివస్తాయి, తల్లులు కాయలకు తొడిమలు తీసే పనికి పోతారు, పిల్లలు కొందరు దగ్గర బడిలో చేరతారు, కొందరు తల్లి పక్కనే కూర్చుంటారు, సీజన్ అయ్యాక మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు. లెక్క కోసం ఒక తరగతి ఊహించుకుందాం. పోయినేడాది 20 మంది. మొదటి నుంచి అక్కడే ఉన్న 15 మంది సగటు 70, మధ్యలో చేరిన ఐదుగురి సగటు 40. మొత్తం సగటు 62.5. ఈ ఏడాది పాతవాళ్లు పదిమంది, వాళ్ల సగటు 74కి పెరిగింది. కొత్తవాళ్లు పదిమంది, వాళ్ల సగటూ 46కి పెరిగింది. మొత్తం సగటు? 60. పాతవాళ్లూ మెరుగయ్యారు, కొత్తవాళ్లూ మెరుగయ్యారు, బడి మాత్రం రెండున్నర మార్కులు 'దిగజారింది'. బ్రాడీపేటలో, పట్టాభిపురంలో తండ్రి ఉద్యోగి, తల్లి సాయంత్రం హోంవర్క్ చేయించి, ఆ పైన ట్యూషన్ పెట్టిన పిల్లలతో ఈ సగటును పోల్చడం దేనికి? ట్యూషన్ మాస్టారి కష్టం కూడా బడి ఖాతాలోనే పడిపోతుంది.

విజయవాడలో 2024-25 సంగతి మరీ విడిగా చూడాలి. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పుస్తకాలు, సంచులు, యూనిఫాం, ఇంట్లో బియ్యం అన్నీ తడిసిపోయిన పిల్లలు మళ్లీ బడిలో కుదురుకోవడానికి ఎంత పట్టి ఉంటుంది? పరఖ్ పరీక్ష జరిగింది ఆ తర్వాత మూడు నెలలకి. ఆ ఏడాది మార్కుల్లో సింగ్‌నగర్ బడిని, బుడమేరు నీళ్లు చేరని ఇంకో పేట బడిని ఒకే గీత మీద నిలబెట్టి చూడడం న్యాయం కాదు.

సగటును తలకిందులు చేసే ఇంకో సంగతి టీచర్లకి బాగా తెలుసు, బయటివాళ్లకి తట్టదు. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఎంట్రన్స్ పెట్టి ఐదో తరగతిలో చేర్చుకుంటాయి. అంటే ఆ పరీక్ష రాసేది నాలుగో తరగతి పిల్లలు. ఒక టీచరమ్మ ఉదయం గంట ముందొచ్చి నలుగురైదుగురిని కూర్చోబెట్టి చదివిస్తే వాళ్లకి సీట్లొస్తాయి, జూన్‌లో వెళ్లిపోతారు. మిగిలిన ఐదో తరగతి సగటు దబ్బున పడిపోతుంది. పక్క బడిలో ఎవరికీ సీటు రాలేదు, అందరూ ఉన్నారు, ఐదో తరగతి సగటు కళకళలాడుతోంది. లిస్టులో రెండో బడే పైన ఉంటుంది.

మరి పోల్చడమే మానేద్దామా? మానేస్తే నష్టపోయేది పేద పిల్లలే, ఎందుకంటే పోల్చి చూసుకుని వేరే బడికి పోయే స్తోమత ఉన్నవాళ్లు ఎలాగూ పోతారు. పోల్చాలి, కానీ పిల్లాడు ఎక్కడ బయల్దేరాడో చూసి ఎంత దూరం వచ్చాడో కొలవాలి. మళ్లీ ఊహించుకున్న లెక్కే: రెండు బడులు, ఒక్కోదాంట్లో మూడో తరగతిలో 30 మంది. మొదటి బడిలో జూన్‌లో 21 మంది పేరా చదవగలరు, మార్చికి 24 మంది. రెండో బడిలో జూన్‌లో ఆరుగురు, మార్చికి 18 మంది. మార్చిలో మాత్రమే చూసినవాడికి 80 శాతం బడి, 60 శాతం బడి కనిపిస్తాయి, 80 శాతం దాంట్లోనే పిల్లని వేస్తాడు. ఆ మొదటి బడిలో ఎదగడానికి చోటు తక్కువ కదా, ఇప్పటికే ఎక్కువమంది చదువుతున్నారు కదా అని ఎవరైనా అడిగితే, అది సరైన ప్రశ్నే. దానికి చదవలేనివాళ్లను మాత్రమే తీసుకుని చూడాలి. మొదటి బడిలో జూన్‌లో చదవలేనివాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ముగ్గురిని చదివించారు, మూడింట ఒక వంతు. రెండో బడిలో చదవలేనివాళ్లు 24 మంది, వాళ్లలో 12 మందిని చదివించారు, సగం. చదువు రాని పిల్లని ఎక్కడ వేయాలో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

చదవడం అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి, ఇక్కడే ఎక్కువ మోసపోతాం. బడికి ఎవరైనా పెద్దలు వచ్చినప్పుడు హెచ్ఎం గారు ఒక పిల్లాణ్ని లేపి తెలుగు వాచకంలో పాఠం చదవమంటారు. వాడు గడగడా చదివేస్తాడు. అప్పుడు నోరు వినడం మానేసి వాడి వేలు చూడాలి. నోరు 'చెరువులో చేపలు' దగ్గరుంటుంది, వేలు ఇంకా పై లైనులో 'అనగనగా' దగ్గరే ఉంటుంది. పాఠం కంఠతా వచ్చేసింది, అక్షరం రాలేదు. అదే పాఠంలోంచి ఒక మాట మధ్యలో చూపించి ఇదేంటి అంటే మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంటాడు, పాటలాగా, ఆ మాట వచ్చేదాకా. ఎప్పుడూ చూడని నాలుగు లైన్లు తెల్లకాగితం మీద రాసి ఇస్తే నిజం రెండు నిమిషాల్లో తేలుతుంది: గుణింతాల దాకా బాగానే వస్తాడు, ఒత్తు రాగానే ఆగిపోతాడు, 'చెట్టు'ని 'చెటు' అంటాడు, 'రాష్ట్రం' దగ్గర టీచరు మొహం చూస్తాడు. వన్‌టౌన్‌లోనో గుంటూరు ఆనందపేటలోనో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో కూర్చుంటే ఈ కథ ఇంకాస్త పొడుగు.

2021 జూలైలో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అంకె బాగుంది గానీ తెలుగు మాటంటే ఇంగ్లీషు మాట కాదు. 'వెళ్లిపోతున్నారంట' అనేది మనకి ఒక మాట, ఇంగ్లీషులో నాలుగో ఐదో. అందుకే 2022 మార్చిలో మూడో తరగతి పిల్లలతో ఒక్కొక్కరినీ విడిగా చదివించి చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో ఏ భాషకి ఆ భాష కొలత విడిగా పెట్టారు. నాలుగు ఆప్షన్ల బిట్ పేపరు కంటే ఈ పద్ధతి ఎంతో మేలు, ఎందుకంటే నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి దిద్దితే ఒక్క అక్షరం రాకపోయినా సగటున 25 శాతం వచ్చిపడుతుంది.

ఇంత చెప్పాక ప్రైవేటు, సర్కారు పోలిక రాకుండా ఉండదు. దీని మీద మన రాష్ట్రంలోనే ఒక గట్టి పని జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 పల్లెల్లో ప్రైవేటు బడికి పోవడానికి ఫీజు కట్టే వోచర్లు లాటరీ తీసి ఇచ్చారు. లాటరీ కాబట్టి చురుకైన పిల్లలు ఒకవైపు, వెనకబడినవాళ్లు ఒకవైపు అనే గొడవ లేదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకి, తగలని పిల్లలకి తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి పోయినవాళ్లు ముందున్నారు, ఎందుకంటే అక్కడ తెలుగు, లెక్కలకి కేటాయించే టైం తక్కువ, మిగతావాటికి ఎక్కువ. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. 2015లో అచ్చయిన ఈ ఫలితాన్ని రెండు వైపులవాళ్లూ తమకి కావాల్సినంత వరకే చదువుతారు: యూనియన్ల వాళ్లు మొదటి సగం, ప్రైవేటు వాళ్లు రెండో సగం. అది పల్లెల లెక్క, అప్పటి లెక్క, బెజవాడ ఏసీ క్లాసులకి అచ్చంగా అతికించకూడదు. కానీ లాటరీ లేకుండా బయట నుంచి చూస్తే ప్రైవేటు పిల్లలు ఎంతో ముందున్నట్టు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం ఇంటి నుంచి తెచ్చుకున్నదే అన్న సంగతి మాత్రం నగరంలోనూ గుర్తుంచుకోవాల్సిందే.

తల్లిదండ్రులకి చేతికందే సమాచారం లేకపోలేదు. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని 11 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, దాంతో ఆన్‌లైన్‌లో చూస్తే తరగతివారీగా పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని అనేవి కనిపిస్తాయి. పిల్లలు ఏం నేర్చుకున్నారో అందులో ఉండదు. ఇద్దరు టీచర్లున్న బడా, ఐదుగురున్న బడా అనేది ముందు అక్కడ చూసుకుంటే, పోల్చకూడనివాటిని పోల్చే తప్పు సగం తప్పుతుంది. రెండోది బడికి వెళ్తే తలుపులోంచే కనిపిస్తుంది. నల్లబల్ల పై మూలన సుద్దతో రాసి ఉంటుంది: రోల్ 24, హాజరు 19. ఏదో ఒక రోజు కాకుండా, పండగ మర్నాడు, సోమవారం, జీతాల రోజు తర్వాత, ఇలా నాలుగైదుసార్లు ఆ మూల చూస్తే ఆ బడి గురించి తెలిసేది ఏ ర్యాంకు లిస్టులోనూ తెలియదు. 24లో 23 మంది వస్తున్న సింగ్‌నగర్ బడి ఏదో సరిగ్గా చేస్తోంది.

మూడోది అడిగితే గానీ తెలియదు. పేరెంట్స్ మీటింగులో మా వాడికి ఎన్ని మార్కులొచ్చాయని అందరూ అడుగుతారు, హెచ్ఎం గారు రిజిస్టరు తీసి చెప్పేస్తారు. మూడో తరగతిలో జూన్‌లో చదవలేనివాళ్లు ఎంతమంది ఉన్నారండీ, ఇప్పుడు ఎంతమంది మిగిలారండీ అని అడిగి చూడండి. కొందరు నవ్వి, "మా పిల్లలందరూ బాగా చదువుతారండీ" అంటారు. ఇంకొందరు టేబుల్ సొరుగు లాగి, అట్ట ఊడిపోయిన 200 పేజీల నోటుబుక్కు బయటికి తీస్తారు, అందులో పిల్లల పేర్ల పక్కన అక్షరం, మాట, పేరా, కథ అని నాలుగు గళ్లు, నెలనెలా పెన్సిల్ టిక్కులు, కొన్ని చెరిపి మళ్లీ పెట్టినవి, ఒక పేరు ఎదురుగా ఆగస్టు నుంచి జనవరి దాకా 'మాట' దగ్గరే ఆగిపోయిన టిక్కు, దాని పక్కన చిన్న అక్షరాలతో 'కళ్లద్దాలు ఇప్పించాం' అని.